డాక్టరు పట్టము: దాని యర్థమును వాడుకయు



ఇప్పుడు రేడియోవారు నన్ను మీకు పరిచయము చేయుచు నా పేరునకు ముందు "డాక్టరు" అను మాటను చేర్చి చెప్పిరి. మర్యాదకై చెప్పిన మాట. దానిని సంపాదించుటకు నాకు అయిదేండ్లు పట్టినది గనుక అబద్ధమును గాదు. అయినను ఆ మాట వినగానే మీలో ననేకులు, ఇతడు ఏ రోగమును గూర్చి చెప్పబోవుచున్నాడో యని తలచి యుందురు. నేను రోగములు కుదుర్చువాడను గాను. నాకు నాడి చూచుట తెలియదు. మఱి ఆ మాట నా పేరున కేల తగులుకొన్నది? అది యెవరి పేరున కుండదగినది? దానిని విన్నప్పుడు మీరు ఎంతవఱకు నమ్మవచ్చును? ఈ సంగతులే నేటి ప్రసంగమునకు విషయము.

ఇది నాకు ఊరక తోచిన విషయము గాదు. అనంతగిరి కొండలలో నొకరాత్రి జరిగిన సంగతి నన్నీ యాలోచనలో పడవైచినది.

పండ్రెండేండ్ల క్రిందటి మాట. విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట మీదుగా అరకులోయకు పోవు ఘాటుదారిలో అనంతగిరిని మీలో కొందఱు చూచియే యుందురు. నాకు అప్పటికి పట్టము వచ్చి ఆఱు నెలలైనది. నా పరిశోధన కొండసంతలలోని కొలతలను గూర్చినది. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అను కొలపాత్రలు ఏ సంతలో నెంత పట్టును, చోళ్ళు సామలు వలిసెలు కొలుచునప్పుడు తలగొట్టి కొలుతురా, రాశిపోసి కొలుతురా యని తిరిగి తిరిగి పట్టికలు వ్రాసితిని. పట్టము వచ్చిన పిమ్మట, మిగిలిన సందేహములు తీర్చుకొందమని మరల అచ్చటికే పోయి, కొండదొర కులమునకు చెందిన యొక పెద్దమనిషి యింట దిగితిని.

నాకు వచ్చు ఉత్తరములపై "డాక్టరు" అని యుండెడిది. అది చూచి తపాలా తెచ్చువాడు మొదట నన్ను "డాకట్రు బాబు" అని పిలిచెను. తరువాత టీకొట్టువాడు పిలిచెను. పది దినములలో సంతకు వచ్చువారందఱును అట్లే పిలువజొచ్చిరి. నాకది వినుటకు బాగుగానే యుండెను. నిజము చెప్పవలెనన్న చాల బాగుగా నుండెను. సరిదిద్దవలెనని తోచలేదు.

వానకాలము. ఒకనాటి రాత్రి యెనిమిది గంటలకు పై యూరినుండి యొక తండ్రి ఏడేండ్ల పిల్లవానిని వీపున గట్టుకొని, గొంగడి కప్పుకొని, మేమున్న యింటిముందు నిలిచెను. పిల్లవాడు చలితో వడకుచుండెను. చేయి పెట్టి చూతునుగదా, ఒడలు పెనమువలె కాలుచుండెను. ఆ తండ్రి దిగివచ్చిన బాట యొకచోట రెండుగా చీలును. ఒక చీలిక తారురోడ్డునకును, దానివెంట ప్రభుత్వపు ఆసుపత్రికిని పోవును. రెండవది మా యూరికి వచ్చును. "డాకట్రు బాబు ఇక్కడే ఉన్నాడు గదా" యని అతడు ఇటు తిరిగెను.

నేనట్టి డాక్టరును గానని చెప్పితిని. ఆ తండ్రికి నా మాట అర్థము గాలేదు. మందు ఇచ్చుట కిష్టములేక అట్లనుచున్నానని తలచి, కొంగున గట్టిన నోట్లు విప్పి చూపెను. అప్పుడు మా యింటి పెద్దమనిషి అరుగుమీదనుండి నావైపు చూచి, "మరి నువ్వేటి డాకట్రువి బాబూ?" అనెను. అందు ఎగతాళి లేదు. తెలిసికొనవలెనని అడిగిన ప్రశ్న.

ఎట్లో ఒక జీపు దొరికినది. వానలో మేమందఱమును దిగి ఆసుపత్రికి చేరితిమి. అచ్చటివారు వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి పరీక్షించి, మలేరియా యని చెప్పి వెంటనే మందు మొదలుపెట్టిరి. పిల్లవాడు బ్రదికెను. కాని ఆ రాత్రి వ్యర్థముగా పోయిన రెండున్నర గంటలు నా పేరుముందున్న మాటవలన పోయినవే. ఆ యేజెన్సీ ప్రాంతములో మలేరియా జ్వరమునకు రెండున్నర గంటలెంత విలువయో అచ్చటివారికి నేను చెప్పనక్కఱలేదు. పెద్దమనిషి ప్రశ్నకు ఆ రాత్రి నేను సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుటకు యత్నింతును.

"డాక్టరు" అనునది లాటిను భాషలోని మాట. దానికి మూలమైన ధాతువునకు "బోధించుట" యని యర్థము. కావున మొదట డాక్టరనగా బోధించువాడు. మన ఆచార్యశబ్దము వంటిది. యూరపు ఖండములో బొలోన్యా, పారిసు మొదలగు నగరములయందు పూర్వము విద్యాపీఠము లేర్పడినప్పుడు, అవి నేటి కాలేజీలవలె గాక, వృత్తిపనివారి కూటములవలె నుండెడివి. మన వడ్రంగి పిల్లవాడు కొన్నేండ్లు గురువునొద్ద ఉలి పట్టి, పనితనము చూపి, పెద్దలు ఔనన్న పిమ్మట తాను వేఱుగా పని పట్టుకొనునట్లే, అచ్చట చదివినవాడు పెద్దలయెదుట వాదించి నిలిచి, "ఇక నీవు ఇతరులకు చెప్పవచ్చును" అను అనుమతి పొందెడివాడు. ఆ అనుమతియే డాక్టరు పట్టము. ధర్మశాస్త్రము, దైవశాస్త్రము, వైద్యశాస్త్రము అను మూడింటను డాక్టర్లుండిరి. అనగా వైద్యుడు ఆ మువ్వురిలో నొకడు. అయితే సామాన్యజనులకు దైవశాస్త్ర పండితునితో నేమి పని? ఒడలికి బాధ వచ్చినప్పుడు పరుగెత్తునది వైద్యునియొద్దకే. అందుచేత ఆ మాట ఊళ్ళలో వైద్యునికే అంటుకొనిపోయినది. తక్కిన డాక్టర్లు విద్యాపీఠముల గోడలలోపలనే నిలిచిపోయిరి.

నేడు మనము పిహెచ్.డి. అనుచున్నది ఆ పాత పట్టమునకు తరువాత పుట్టిన తమ్ముడు. ఆ యక్షరములకు "తత్త్వశాస్త్రమున డాక్టరు" అని యర్థము వచ్చును. రసాయనములు కలుపువానికిని, పురుగులను పరీక్షించువానికిని, నావలె కుంచములు కొలుచువానికిని తత్త్వశాస్త్రముతో నేమి సంబంధమని మీరడుగవచ్చును. ఆ తత్త్వశబ్దమునకు గ్రీకు భాషలోని మూలార్థము "జ్ఞానమునందు ప్రీతి" యని మాత్రమే. 1810లో జర్మనీదేశపు బెర్లిను నగరములో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము, ఉన్న విద్యను వల్లించుటయే గాక క్రొత్తవిద్యను వెదకి తెచ్చుటయు ఆచార్యుని ధర్మమని పట్టుపట్టినది. నాటినుండి ఈ పట్టమునకు పరిశోధనయే ప్రాణమైనది. అమెరికాలో యేల్ విద్యాపీఠము 1861లో దీనిని మొదటిసారి ఇచ్చినది. ఆక్స్‌ఫర్డువారు 1917లోగాని దీనిని తమ నియమములలో చేర్చుకొనలేదు. మనదేశములో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు 1857లో పుట్టినవి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో పుట్టినది. నేటి నియమములచే పిహెచ్.డి.కి పైన డి.లిట్., డి.ఎస్‌సి. అనునవియు గలవు. అవి పరిశోధన విస్తారముగా చేసినవారికి దొరకును. సంస్కృత విద్యాపీఠములవారు పిహెచ్.డి.ని "విద్యావారిధి" యందురు. వినుటకు అదియే నాకు ఇంపుగా నుండును.

వైద్యుని మాట కొంచెము చెప్పి ముందునకు పోయెదను. మన ఆసుపత్రులలో నుండు ఎం.బి.బి.ఎస్. వారి పట్టములో డాక్టరను మాట లేనే లేదు. ఆ యక్షరములకు వైద్యమునను శస్త్రచికిత్సయందును పట్టభద్రుడని యర్థము. వారిని డాక్టరనుట వాడుకచే వచ్చిన గౌరవము. ఎవరును కాదనరు, కాదనవలసిన పనియు లేదు. ఇంగ్లండులోనైతే శస్త్రవైద్యులు డాక్టరనిపించుకొనుట తక్కువగా నెంచి, వట్టి "మిస్టరు" అనిపించుకొందురు. ఇట్టి వింత లెన్నియో కలవు. కాని మన యూళ్ళలో "ఆర్.ఎం.పి. డాక్టరు" అనిపించుకొనువారి సంగతి వేఱు. ఆ మూడక్షరములకు మొదట "పట్టికలో చేరిన వైద్యుడు" అను అర్థముండెడిది. నేడు ఏ పట్టికలోను లేనివారికే ఆ పేరు వాడుచున్నాము! రాత్రివేళ పిలిచిన పలుకువారు వారొక్కరే యని మీరనవచ్చును. ఆ మాట నిజమే, నేనును కాదనను. అయినను సూదిమందు పొడిపించుకొనుటకు ముందు ఆయన పేరు ప్రభుత్వపు వైద్యుల పట్టికలో నున్నదా యని అడుగుట మీ హక్కు. పట్టికలో లేక వైద్యము చేయువారికి ఒక యేడాదివఱకు ఖైదుగాని, అయిదు లక్షల రూపాయలవఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టము చెప్పుచున్నది.

ఇక నావంటి డాక్టర్ల కథ. పరిశోధన యనగా నేమి? పుస్తకములు పెక్కు చదువుట యని పలువురు తలంతురు. చదువుట దానికి ముంగిలి మాత్రమే. ఇంతవఱకు ఎవరికిని తెలియని యొక్క సంగతిని, ఎంత చిన్నదైనను సరే, కనుగొని, ఇతరులు పరీక్షించి ఔననునట్లు రుజువు చూపి వ్రాయవలెను. ఇందుకు అనంతగిరి అరకు కొండలలోనిదే యొక యుదాహరణము చెప్పెదను.

నేనిప్పుడు మాటిమాటికి "మఱి" అనుచున్నాను. రేడియోలో వినువారికి అది "మరి" యనియే వినబడును. ఈ ప్రసంగమును పుస్తకములో చదువువారికి మాత్రము అందు బండి ఱ కనబడును. పూర్వకాలపు తెలుగువారికి ర వేఱు, ఱ వేఱు. శాసనములు చెక్కినవారు ఆ భేదము పాటించిరి. క్రమముగా మన నోట ఆ రెండును కలిసిపోయినవి. బండి ఱ అక్షరమాలలో బొమ్మవలె మిగిలినది. పంతులుగారు పిల్లవాని చెవి మెలిపెట్టుటకు తప్ప దానికి పని లేకపోయెను. అయితే అరకులోయ ప్రాంతములోని కొండదొరలలో కొందఱు ఇంటిలో మాటలాడుకొను భాష యొకటి కలదు. దానిని వారు కూబి యందురు. పండితులు కొండభాష యందురు. అది మన తెలుగునకు దగ్గఱిచుట్టము. దానికి లిపి లేదు. ఆ భాషలో ర, ఱ అను రెండు ధ్వనులును నోటిలోనే వేఱువేఱుగా నిలిచియున్నవి. మనము పోగొట్టుకొని అక్షరమాలలో దాచుకొన్న దానిని, అక్షరమాలయే లేనివారు నాలుకపై కాపాడుకొనిరి.

ఈ సంగతిని లోకమునకు చాటినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. ఒంగోలులో 1928లో జన్మించిరి. తెలుగు క్రియాధాతువులను గూర్చి పరిశోధించి, 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. ఆ గ్రంథము 1961లో కాలిఫోర్నియాలో అచ్చుపడినది. అంతటితో పట్టము చేతికి వచ్చినది గదా యని వారు విశ్రమింపలేదు. అరకు కొండలకు వచ్చి, కొండభాష మాటలాడువారియొద్ద కూర్చుండి, ఒక్కొక్క మాటను విని వ్రాసికొని, ఆ భాషకు వ్యాకరణము కూర్చిరి. అది 1969లో హైదరాబాదున గ్రంథముగా వెలువడినది. తరువాత వారు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై 1986 మొదలు 1993 వఱకు పనిచేసిరి. 2012లో గతించిరి. ద్రావిడభాషల చరిత్ర వ్రాయు విదేశ పండితులెవరైనను నేటికిని ఆ కొండభాష గ్రంథమును ప్రక్కన పెట్టి వ్రాయజాలరు.

ఇందులో గమనింపుడు. కృష్ణమూర్తిగారి పేరునకు ముందు డాక్టరు కలదు. వారికి మాటలు చెప్పిన కొండదొరల పేర్లకు ముందు ఏమియు లేదు. భాష వారిది, ఆ భాషలో దాగిన చరిత్రను చదువగలిగిన కన్ను ఈయనది. రెండును కూడిననే గ్రంథమైనది. అందుచేత, ఎవరైనను పలకయు, రికార్డు చేయు యంత్రమును పట్టుకొని మీ యూరికి వచ్చి, "తాతా, ఇది మీరేమందురు?" అని యడిగినచో, అతడు పనిలేనివాడని త్రోసివేయవలదు. అతడు వ్రాసికొన్నది మీకు చదివి వినిపింపుమని మాత్రము తప్పక అడుగుడు.

ఇట్టి పట్టమునకు ఎంతకాలము పట్టును, మా మనుమనికి ఇది అందునా యని అడుగువారును కలరు. 2022 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి నియమముల ప్రకారము కనీసము మూడేండ్లు, సామాన్యముగా ఆఱేండ్లకు మించరాదు. ఎం.ఏ.గాని ఎం.ఎస్‌సి.గాని నాలుగేండ్ల డిగ్రీచదువుగాని తగిన మార్కులతో ముగించి, ప్రవేశపరీక్షలో నెగ్గవలెను. పిమ్మట ఒక ఆచార్యుని చేతిక్రింద చేరవలెను. ఈ ఆచార్యుడు దొరకుటలోనే విద్యార్థి యదృష్టమంతయు నున్నది. పెండ్లిసంబంధమువలె విచారించి చేరవలసిన పని. గ్రంథము వ్రాసినపిమ్మట దానిని ఆ విశ్వవిద్యాలయమునకు చెందని పండితులు కనీసము ఇద్దఱు చదువుదురు. వారు మెచ్చినచో పదిమందియెదుట విద్యార్థిని నిలిపి ప్రశ్నింతురు. ఇతరుల వ్రాత నెత్తి వ్రాసినట్లు తేలినచో శిక్షలు కలవు. నూటికి అఱువది పాళ్ళకు మించి ఎత్తివ్రాసినవాని పేరునే కొట్టివేయవలెనని 2018లో నియమము చేసిరి.

భోజనమునకెట్లు? జాతీయపరీక్షలో పైవరుసను నెగ్గినవారికి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయల వేతనము 2023 మొదలు ఇచ్చుచున్నారు. గిరిజన విద్యార్థులకు కేంద్రప్రభుత్వపు గిరిజన వ్యవహారముల శాఖవారు వేఱుగా విద్యావేతనము లిచ్చుచున్నారు. విజయనగరములో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము నెలకొన్నది. కావున అనంతగిరి పిల్లవాడు ఈ పట్టము పొందుటకు సముద్రములు దాటనక్కఱలేదు. కొండ దిగిన చాలును.

ఇట్టి చదువు వలన సామాన్యునకేమి లాభమని కొందఱు పెదవి విఱుతురు. వారికి నేను భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని చూపుదును. ఆయన మద్రాసులో వైద్యము చదివిరి. తరువాత అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయములో జీవరసాయనశాస్త్రమున పరిశోధించి 1930లో పిహెచ్.డి. పొందిరి. అటుపిమ్మట ఆయన రోగుల నాడి చూచుచు కూర్చుండలేదు. పరిశోధనశాలలోనే జీవితము గడిపి 1948లో గతించిరి. కాని ఆయన నడిపిన పరిశోధనశాలనుండి బోదకాలు జ్వరమునకు డైఇథైల్ కార్బమజీను అను మందు వచ్చినది. మన తీరప్రాంతపు ఊళ్ళలో ఆరోగ్యశాఖవారు ఇంటింటికి వచ్చి, ఎదుట నిలిచి మ్రింగించిన బోదకాలు మాత్ర అదియే. ఆ మాత్ర మ్రింగినవారిలో ఎందఱికి ఆయన పేరు తెలియును?

ఇంతవఱకు చెప్పినది కష్టపడి సంపాదించిన పట్టము. ఇక గౌరవముగా నిచ్చు పట్టము వేఱొకటి కలదు. ఆంగ్లేయ ప్రభుత్వకాలములో రావు సాహెబు, రావు బహద్దరు, దివాను బహద్దరు అను బిరుదములు మీ తాతలనాడు విన్నవారే. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగములోని 18వ అధికరణము అట్టి బిరుదములను ప్రభుత్వ మీయరాదని మాన్పినది. అయితే సైన్యమునందును విద్యయందును లభించు విశిష్టతలను మాత్రము ఆ నిషేధమునుండి తప్పించినది. రావు బహద్దర్లు పోయిరి, డాక్టర్లు మిగిలిరి. అందుచేతనే, బిరుదముపై మోజుగల వారందఱును ఇప్పుడు ఈ వాకిటనే గుమిగూడుచున్నారు.

గౌరవపట్టము తగినవారికిచ్చినచో దానికంటె అందమైనది లేదు. రవీంద్రనాథ ఠాగూరుగారికి డాక్టరు పట్టమిచ్చుటకు 1940లో ఆక్స్‌ఫర్డువారే శాంతినికేతనమునకు వచ్చిరి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. వారు పరీక్షలు వ్రాసి పొందినది మద్రాసు ఎం.ఏ. మాత్రమే. డాక్టరను మాట గౌరవముగా వారికి వచ్చినదే, అయినను దేశమంతయు వారినట్లే పిలిచినది. అంబేద్కరుగారి సంగతి ఇంకొక తీరు. లండనులో 1923లోను, అమెరికాలోని కొలంబియాలో 1927లోను శ్రమించి పొందిన పట్టములు రెండుండగా, మన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1953లో గౌరవపట్టమును గూడ సమర్పించిరి.

ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు గౌరవపట్టమునకు "కళాప్రపూర్ణ" యని మన భాషలో పేరు పెట్టిరి. దానిని 1938లో గిడుగు వేంకట రామమూర్తిగారి కిచ్చిరి. ఈయన పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాష నేర్వవలెనని బుద్ధిపుట్టి, ఆ భాష తెలిసినవానిని ఇంటనే యుంచుకొని నేర్చిరి. సవరపిల్లలకు బడులు పెట్టించిరి. ఆ భాషకు వారు వ్రాసిన వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వమువారు 1931లో అచ్చువేసిరి. ఎవరును వారికి ప్రశ్నపత్రమీయలేదు, ఎవరును మార్కులు వేయలేదు. అయినను పది పిహెచ్.డి.ల కెత్తు పని. ఆయన జీవితమంతయు వాడుకభాషకై పోరాడిరి. నేనిట్లు గ్రాంథికములో మాటలాడుట విన్నచో నన్ను గట్టిగా మందలించి యుండెడివారే.

కాని నేడు కొన్ని సంస్థలు రుసుము పుచ్చుకొని, మెడలో పతకము వేసి, శాలువా కప్పి, "గౌరవ డాక్టరేటు" అని పటము గట్టిన కాగితము చేతికిచ్చుచున్నవి. మఱునాటినుండి ఆయన ఊరిపంచాయతీలో డాక్టరుగారు. 1956 నాటి చట్టము ప్రకారము పట్టమిచ్చు అధికారము విశ్వవిద్యాలయములకును, చట్టము గుర్తించిన కొలది సంస్థలకును మాత్రమే కలదు. ఆ యధికారము లేక యిచ్చువారికి శిక్ష యేమి? ఆ చట్టములో వ్రాసిన జరిమానా వేయి రూపాయలవఱకు. 1956లో వేయి రూపాయ లన్న పెద్దమొత్తము. నేడు అది ఆ శాలువా ఖరీదునకు చాలదు. ఈ చట్టమును మరల త్రిప్పివ్రాయువారు దీనిని తలచుకొందురుగాక.

నిజమైన గౌరవపట్టము పొందినవారును దానిని పేరునకు ముందు వ్రాసికొనకుండుట మర్యాదయని పలు విశ్వవిద్యాలయములు చెప్పును. రాధాకృష్ణన్ గారి వంటివారి విషయములో లోకమే ఆ మర్యాదను దాటినది, అది వేఱు. తానై వ్రాసికొనుట మంచిది గాదని నా యభిప్రాయము. శ్రమించి పొందినవారు వ్రాసికొనవచ్చును; అయితే పేరునకు ముందు డాక్టరు, వెనుక పిహెచ్.డి. రెండును పెట్టుట ఒకే తలకు రెండు తలపాగలు చుట్టుటవంటిది.

మీయూరికి డాక్టరని ఎవరైన వచ్చినప్పుడు, "బాబూ, మీరు దేనిలో డాక్టరు? ఏ విశ్వవిద్యాలయము? మీ గ్రంథము దేనిని గూర్చినది?" అని యడుగుటకు సంకోచింపవలదు. నిజమైనవాడు సంతోషముతో చెప్పును. ఒక్కొక్కప్పుడు ఆపుటయే కష్టము. మనదేశములో ఆమోదింపబడిన పరిశోధన గ్రంథములను "శోధగంగ" అను కోశములో చేర్చుచున్నారు. పెక్కు గ్రంథములు అందులో దొరకును. మీ మనుమనిచేత సెల్‌ఫోనులో వెదకింపవచ్చును.

ఆ జ్వరపు రాత్రి గడచిన నాలుగు దినములకు, నేనా పెద్దమనిషికి ఇదియంతయు ఇంతకంటె తక్కువమాటలలో చెప్పితిని. ఆయన ఆలకించి, "అయితే నీ బుక్కు చదువు బాబూ, విందుము" అనెను. నా పరిశోధన గ్రంథము సంచిలో నుండెను. ముగ్గురు పండితులు చదివి మెచ్చినది. కుంచములను గూర్చిన పట్టికను తెలుగు చేసి చదువజొచ్చితిని. ఒకే సంతలో, ఒకే దుకాణములో, రెండు కుంచములు సమముగా లేవనియు, అది కొలపాత్ర చేసినవాని చేతివాటమునందలి భేదమనియు అందు వ్రాసియుంటిని. ఆయన చేయి యెత్తి నన్నాపెను.

"చేతివాటం కాదు బాబూ. పెద్దది మా దగ్గర కొన్నప్పటి కుంచం. చిన్నది మాకు అమ్మినప్పటి కుంచం. మా అయ్య నాటినుంచీ అంతే."

షాహుకారుల మోసమునుండి కొండవారిని కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టినదని నేనెఱుగుదును. ఆ సంగతి నా గ్రంథపు మొదటి అధ్యాయములో వ్రాసియుంటిని గూడ. అయిదేండ్లు ఆ కుంచములను చేతబట్టి కొలిచి, వాని కెత్తు తెలిసికొని, ఏది ఎవరికొఱకో అడుగ మఱచితిని. పరీక్షించిన పండితులకును ఆ ప్రశ్న తోచలేదు.

పట్టిక ప్రక్క ఆయన మాటను పెన్సిలుతో వ్రాసికొంటిని. మఱుసటి యేడు ఆ సవరణను వ్యాసముగా వ్రాసి అచ్చువేయించితిని. అందు మొదటి పంక్తిలో ఆయన యూరి పేరు చెప్పి, ఆయనకు చదివి వినిపించి, ఔననిపించుకొని పంపితిని. విశ్వవిద్యాలయ గ్రంథాలయములోని ప్రతిలో మాత్రము ఆ పట్టిక పాతరీతినే యున్నది.